10 శాతానికీ 81 శాతానికీ ఒకటే పేరా?

జెనెటిక్ టెస్ట్ రిపోర్టులో "వేరియంట్ ఆఫ్ అన్‌సర్టెన్ సిగ్నిఫికెన్స్" (జన్యువులో ఒక మార్పు ఉంది, అది హాని చేస్తుందో లేదో తేలలేదు) అని కనబడగానే అందరూ అడిగేది ఒకటే: "ఇంతకీ ఉన్నట్టా, లేనట్టా?" రోగి అడుగుతాడు, వెంట వచ్చినవాళ్లు అడుగుతారు, ఒక్కోసారి పరీక్ష రాసిన డాక్టరే ఫోన్ చేసి, "మేడమ్, దీన్ని పాజిటివ్ కింద లెక్కేసుకోవాలా, నెగటివ్ కిందా?" అంటారు. వేరియంట్లు చదివి రిపోర్టులు రాయడమే నా ఉద్యోగం కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మాకు నేర్పిన జవాబు కూడా ఒకటే. "ప్రస్తుతానికి చెప్పలేం. దీన్నిబట్టి చికిత్స మాత్రం మార్చకండి."

ఆ జవాబులో రెండో వాక్యంతో నాకు పేచీ లేదు. మొదటి వాక్యంతోనే ఉంది. చాలా కేసుల్లో "చెప్పలేం" అన్నది నిజం కాదు. మాకు కొంత తెలుసు, ఒక్కోసారి చాలానే తెలుసు. అదంతా వర్క్‌షీట్లో ఉండిపోతుంది, రోగి చేతికి మూడక్షరాలు వెళ్తాయి: వీయూఎస్.

ఎవరి జీనోమ్, అంటే జన్యు సమాచారం మొత్తం, తీసి చూసినా, ప్రమాణంగా పెట్టుకున్న రిఫరెన్స్ జీనోమ్‌తో పోలిస్తే 40 నుంచి 50 లక్షల చోట్ల తేడా ఉంటుంది. ఇది 2015లో వెయ్యి జీనోముల ప్రాజెక్టు తేల్చిన లెక్క. ఆ తేడాల్లో దాదాపు అన్నీ మన జోలికి రానివే. జబ్బు తెచ్చేది ఏదన్నా ఉంటే ఒకటో రెండో. వాటిని ఏరడానికి అదే ఏడాది అమెరికాలోని ఏసీఎంజీ, ఏఎంపీ అనే రెండు వృత్తి సంఘాలు కలిసి ఒక నియమావళి తెచ్చాయి. హాని ఉందనడానికి 16 రకాల ఆధారాలు, లేదనడానికి 12. వాటిని కూడి ప్రతి వేరియంట్‌నూ ఐదు మెట్లలో ఒకదాని మీద నిలబెట్టాలి: పాథోజెనిక్ (హానికరం), లైక్లీ పాథోజెనిక్ (బహుశా హానికరం), వీయూఎస్, లైక్లీ బినైన్ (బహుశా హాని లేనిది), బినైన్ (హాని లేనిది). "లైక్లీ" అనాలంటే 90 శాతానికి పైగా నమ్మకం కుదరాలి. మధ్య మెట్టుకు మాత్రం సొంత లక్షణమంటూ ఏదీ లేదు. ఆధారం అసలే లేనివి, ఉన్నా చాలనివి, ఉన్న ఆధారాలు ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి, అన్నీ వచ్చి అక్కడే పడతాయి.

అక్కడ ఏం జరుగుతుందో ఒక ఊహా కేసుతో చెప్తాను. ఇలాంటివి మాకు తరచూ వచ్చేవే. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి, అంటే గుండె కండరం అకారణంగా మందమయ్యే జబ్బు, ఉన్న నలభై ఏళ్ల మనిషి. ఎంవైహెచ్7 అనే జన్యువులో ఒక్క అక్షరం మారింది. దాంతో మయోసిన్ ప్రొటీన్‌లో ఒక అమైనో ఆమ్లం పోయి దాని చోట ఇంకోటి వచ్చింది.

ముందు నోమాడ్ డేటాబేస్ తెరుస్తాను. 2023లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో 8,07,162 మంది డేటా ఉంది. అంతమందిలో ఒక్కరికీ ఈ మార్పు లేదు. ఆధారం బలాన్ని బట్టి పాయింట్లు వేస్తాం. దీనికి హాని వైపు ఒక పాయింటు. ఇదివరకు దీనికే రెండు పడేవి. కానీ అరుదైన మార్పులు ఎవరి ఒంట్లో వెతికినా బోలెడు దొరుకుతాయి. అరుదుగా ఉన్నంత మాత్రాన అనుమానించడం ఎక్కువైపోతోందని 2020లో క్లిన్‌జెన్ (ఇలాంటి కొలతలు పెట్టే అమెరికా సంస్థ) దాన్ని ఒకటికి దించింది. తర్వాత, మార్పు ప్రొటీన్‌లో ఏ భాగంలో పడింది? మయోసిన్ తలలో. ఈ జబ్బు తెచ్చే వేరియంట్లు గుంపుగా కనబడే చోటు అది. రెండు పాయింట్లు. రెవెల్ లాంటి కంప్యూటర్ స్కోరు చూస్తే హాని వైపే మొగ్గుతోంది. ఇంకొకటి. ల్యాబులు తమ తీర్పులు పంచుకునే క్లిన్‌వార్ డేటాబేస్‌లో వెతికితే వేరే ల్యాబు ఎప్పుడో ఒకసారి చూసి వీయూఎస్ అని పెట్టి వదిలేసింది. కారణం రాయలేదు. (కారణం రాయకుండా క్లిన్‌వార్‌లో పెట్టేవాళ్ల మీద నాకు పీకలదాకా కోపం ఉంది. దాని గురించి ఇంకోసారి.) దానికి పాయింట్లేమీ రావు. మొత్తం నాలుగు.

ఇక కుటుంబం. వేరియంటూ జబ్బూ కలిసే ఒకరి నుంచి ఇంకొకరికి దిగుతున్నాయా? ఎంవైహెచ్7 కోసం నిపుణుల బృందం పెట్టిన కొలత ప్రకారం, రెండూ కలిసి మూడుసార్లు దిగినట్టు తేలితే ఒక పాయింటు, ఐదుసార్లయితే రెండు, ఏడుసార్లయితే నాలుగు. ఈ కుటుంబంలో మూడు దొరికాయి. మొత్తం ఐదు. ఆరు ఉంటే లైక్లీ పాథోజెనిక్, పది ఉంటే పాథోజెనిక్. ఐదు అంటే వీయూఎస్. ఎక్కడో దూరాన ఉన్న ఇద్దరు చుట్టాలు ఎకో తీయించుకుని రక్తం ఇచ్చి ఉంటే, వాళ్లలోనూ ఈ రెండూ కలిసే కనబడి ఉంటే, ఆరు అయ్యేది. రిపోర్టు రంగే మారిపోయేది. ఆ మనిషి ఒంట్లో మాత్రం ఈ రెండు రిపోర్టుల మధ్య మారేదేమీ లేదు.

ఈ పాయింట్ల పద్ధతి మేం సొంతంగా అల్లుకున్నది కాదు. శాన్ టావ్టిజియన్ బృందం 2018లో, మళ్లీ 2020లో, ఆ 28 రకాల ఆధారాలను బేజ్ సూత్రంలోకి, అంటే కొత్త ఆధారం వచ్చిన కొద్దీ అవకాశాన్ని సవరించే గణితంలోకి, మార్చి చూపించింది. ఒక వేరియంట్‌ను చూడకముందే అది హానికరం కావడానికి 10 శాతం అవకాశం ఉందని మొదలుపెడతారు. ఒక్కో పాయింటు వచ్చిన కొద్దీ అవకాశం పెరుగుతుంది. లెక్క వేసుకుంటే సున్నా పాయింట్లకు 10 శాతం, ఒకటికి సుమారు 19, నాలుగుకు 67-68, ఐదుకు 81, ఆరుకు 90. సున్నా నుంచి ఐదు దాకా అన్నింటికీ పేరు వీయూఎస్సే.

నా గొడవంతా ఇదే. పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు రోగుల రిపోర్టులు అక్షరం పొల్లుపోకుండా ఒక్కలాగే ఉంటాయి. ఒకరిది 10 శాతం, ఇంకొకరిది 81. మొదటి మనిషి రిపోర్టును సొరుగులో పెట్టి మర్చిపోవచ్చు. రెండో మనిషి కుటుంబాన్ని కదిలించి ఇంకొంచెం ఆధారం తెస్తే నిర్ణయం వచ్చేస్తుంది. ఆ సంగతి ఆ ఇద్దరికీ తెలియదు, వాళ్ల డాక్టర్లకూ తెలియదు. తెలిసిన ఒకే ఒక్క మనిషి, అంటే నేను, ఆ అంకెను రిపోర్టులో రాయకూడదు.

బ్రిటన్‌లో ల్యాబులవాళ్లు దీనికి ఒక దారి వెతుక్కున్నారు. వీయూఎస్‌లకు ఉష్ణోగ్రతలు పెట్టారు: ఐదు పాయింట్లయితే హాట్, నాలుగు వార్మ్, మూడు టెపిడ్, రెండు కూల్, ఒకటి కోల్డ్, సున్నా ఐస్ కోల్డ్. అమెరికాలో కొన్ని ల్యాబులు హై, మిడ్, లో అని మూడు ముక్కలు చేసుకుంటాయి. ఇలా ముక్కలు చేసి వాటి గతి ఏమైందో కొన్నేళ్లు వెంటాడి చూసినవాళ్ల లెక్కల్లో, "లో"లో వేసినవి పాథోజెనిక్ వైపు ఎక్కిన దాఖలా లేదు. అంటే ఈ విభజన గాలి కబురు కాదు, ముందు ముందు ఏం జరగబోతోందో అది నిజంగానే చెప్తోంది.

దీనికి ఎదురు చెప్పేవాళ్లున్నారు. వాళ్లు చెప్పేది తీసిపారేయదగ్గది కాదు. "హాట్ అని రాస్తే డాక్టర్ దాన్ని పాజిటివ్ అనే చదువుతాడు, కత్తి పట్టుకుంటాడు" అంటారు. వాళ్ల భయానికి రుజువులు కూడా ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ రోగుల మీద 2017లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, రెండోవైపు క్యాన్సర్ వచ్చే ముప్పు మామూలుగానే ఉన్నా వీయూఎస్ ఉందని తేలిన స్త్రీలలో సగం మంది రెండు రొమ్ములూ తీయించుకున్నారు. ఇలాంటి కేసులు తక్కువ చూసే సర్జన్లలో చాలామంది వీయూఎస్‌నూ, హానికరమని తేలిన మ్యుటేషన్‌నూ ఒకేలా చూస్తున్నామని ఒప్పుకున్నారు కూడా.

ఇంకోటి, 2016లో మేయో క్లినిక్ వైద్యులు ప్రచురించిన కేసు. పదమూడేళ్ల పిల్లాడు హఠాత్తుగా చనిపోయాడు. జన్యు పరీక్షలో కేసీఎన్‌క్యూ1లో ఒక వేరియంట్ కనబడింది. గుండె లయ తప్పి హఠాత్తుగా ప్రాణం తీయగల లాంగ్ క్యూటీ సిండ్రోమ్‌కు ఆ జన్యువు పేరుమోసింది. ఇంకేముంది, కారణం దొరికిందనుకున్నారు. చుట్టాలందరికీ పరీక్షలు చేస్తే రెండు డజన్లకు పైగా మందిలో అదే వేరియంట్. అందరికీ ప్రాణాంతకమైన జబ్బు ఉందని ముద్ర వేశారు. చనిపోయిన పిల్లాడి అన్నదమ్ముడి గుండెలో షాక్ ఇచ్చే ఐసీడీ అమర్చారు. తీరా మేయోలో అందరినీ పరీక్షించి చూస్తే వాళ్లకు లాంగ్ క్యూటీ లేదు. పిల్లాడి చావుకు మూలం డీఈఎస్ అనే వేరే జన్యువులో ఉంది.

ఇది చదివిన ప్రతిసారీ నాకు ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అక్కడ కొరవడింది కొత్త టెక్నాలజీ కాదు. ముద్ర వేసే ముందు ఆ చుట్టాల ఈసీజీలు నింపాదిగా చూసి, "ఇన్నిమందిలో వేరియంట్ ఉంది సరే, మరి జబ్బేదీ?" అని అడిగే మనిషి. జబ్బు లేకుండా వేరియంట్ మాత్రమే ఉన్న పెద్దవాళ్లు కనబడిన కొద్దీ పాయింట్లు కిందికి దిగాలి. వాళ్లు అటు నుంచి చూడలేదు.

నా జవాబు కూడా ఇక్కడే ఉంది. ఈ రొమ్ములు తీయించుకోవడాలూ, ముద్రలూ, "హాట్" అని రాసినందువల్ల వచ్చినవి కావు. ఏమీ రాయనందువల్ల వచ్చిన ఖాళీలో డాక్టర్ భయం, రోగి టెన్షన్ వచ్చి కూర్చున్నాయి. "దీనికి ఒక్క పాయింటే ఉంది, హాని అవకాశం 19 శాతం, హానికరం కాదని తేలే అవకాశమే ఎక్కువ" అని అచ్చులో ఉంటే, ఆపరేషన్ రాయడానికి ఏ సర్జన్‌కైనా చేయి కాస్త వెనకాడుతుంది. పై కొసన ఉన్నవాటి సంగతి కొంచెం చిక్కే, ఒప్పుకుంటాను. 81 శాతం అని చూసి ఆగడం కష్టం. అందుకే అంకె పక్కనే, దీన్ని తేల్చాలంటే ఏం కావాలో కూడా రాయాలంటాను. కేసు కొట్టేయడం వేరు, వాయిదా వేయడం వేరు. వాయిదా వేసినప్పుడు ఏ సాక్షి రావాలో జడ్జి చెప్తాడు. మేం అది చెప్పకుండా వాయిదా వేస్తున్నాం.

ఆ సాక్ష్యాల్లో అన్నింటికన్నా మోసం చేసేది జనాభా డేటా. డేటాబేస్‌లో "లేదు" అంటే ప్రపంచంలో లేదని కాదు, ఆ డేటాబేస్‌లోకి వచ్చినవాళ్లలో లేదని. నోమాడ్‌లో అధిక భాగం యూరప్ మూలాలవాళ్లే. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరిశోధన ఈ లోటు ఎంత దూరం పోతుందో చూపించింది. గుండె కండరం మందమయ్యే ఇదే జబ్బుకు కారణమని ఒకప్పుడు రిపోర్టుల్లో రాసిన కొన్ని వేరియంట్లు, నల్లజాతి అమెరికన్లలో మామూలుగా కనబడే, హాని చేయని మార్పులని తేలింది. మొదట్లో పోల్చి చూసిన ఆరోగ్యవంతుల్లో కొద్దిమంది నల్లవాళ్లను చేర్చినా ఈ పొరపాట్లు తప్పేవని ఆ పరిశోధకులే లెక్క కట్టి చెప్పారు. మన మూలాలవాళ్లు డేటాబేసుల్లో తక్కువగా ఉంటే మన రిపోర్టుల్లో వీయూఎస్‌లు ఎక్కువగా ఉంటాయి. దానికి మన జన్యువులను నిందించి లాభం లేదు.

దీనికి తిరకాసు కూడా ఉంది. దక్షిణాసియా మూలాలున్నవాళ్లలో సుమారు 4 శాతం మందికి ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి. ఇంతమందిలో ఉందంటే ఎవరైనా బినైన్ అనేస్తారు. కానీ 2009లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన అధ్యయనం దాన్ని గుండె వైఫల్యం ముప్పుతో ముడిపెట్టింది. ఆ ముప్పు దాని సొంతమా, దానితో పాటు వచ్చే ఇంకో మార్పుదా అన్న చర్చ ఆ తర్వాత నడిచింది. ఒంటిచేత్తో జబ్బు తెచ్చే వేరియంట్ల కోసం గీసిన ఐదు మెట్లలో, ముప్పును కాస్త పెంచే ఇలాంటి వాటికి సరైన చోటు లేదు.

ల్యాబు ప్రయోగాల నుంచి వచ్చే ఆధారం మీద నాకు ఆశ ఎక్కువ. 2018లో నేచర్‌లో వచ్చిన బీఆర్‌సీఏ1 (రొమ్ము క్యాన్సర్ ముప్పుతో ముడిపడిన జన్యువు) ప్రయోగం చూడండి. ఆ జన్యువు పనిచేయకపోతే చచ్చిపోయే కణాలను తీసుకున్నారు. జన్యువులో కీలకమైన 13 ఎక్సాన్లలో (ప్రొటీన్ తయారీ సూచనలుండే ముక్కల్లో) ఒక్క అక్షరం మార్చి పుట్టించగల వేరియంట్లను దాదాపు అన్నింటినీ, మొత్తం 3,893, ఒక్కొక్కటిగా ఆ కణాల్లో పెట్టి ఏవి బతికాయో, ఏవి చచ్చాయో చూశారు. అంతకుముందే హానికరమో కాదో తేలిపోయిన వేరియంట్లతో పోల్చితే ఫలితం దాదాపు పూర్తిగా సరిపోయింది. అంటే ఇంతవరకూ ఏ రోగిలోనూ కనబడని మార్పుకు కూడా జవాబు ముందే సిద్ధం. ఇంత శ్రద్ధ ఇంకా కొద్ది జన్యువులకే దక్కింది.

కంప్యూటర్ జోస్యాల మీద మాత్రం ఆశ కన్నా అనుమానం ఎక్కువ. 2023లో ఆల్ఫామిస్సెన్స్ అనే ఏఐ వచ్చి, మనిషి ప్రొటీన్లలో సాధ్యమయ్యే 7 కోట్ల 10 లక్షల మార్పుల్లో 89 శాతానికి ఏదో ఒక ముద్ర వేసింది. అప్పటి నుంచి "ఏఐ పాథోజెనిక్ అంటోంది కదా, మీరెందుకు వీయూఎస్ అంటున్నారు?" అని అడిగేవాళ్లు బయల్దేరారు. ప్రొటీన్ దెబ్బతింటుందా లేదా అని అది బాగానే ఊహిస్తుంది. ప్రొటీన్ దెబ్బతినడం, ఎదురుగా ఉన్న మనిషికి వచ్చిన జబ్బుకు అదే కారణం కావడం ఒకటి కావు. క్లిన్‌జెన్ 2022లో ఇలాంటి సాధనాలకు తూకం వేసి, అవి ఎంత గట్టిగా చెప్పినా నాలుగు పాయింట్ల దగ్గరే ఆపింది. ఒంటరిగా ఆరుకు చేరనివ్వలేదు. మంచి పని చేసింది.

ఇళ్లల్లో జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. వీయూఎస్ వచ్చిందనగానే "పిల్లలకూ చేయించేద్దాం" అంటారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడిలో అది ఉందనో లేదనో తెలుసుకుంటే వచ్చేది దిగులు తప్ప పాయింటు కాదు. పాయింట్లు తెచ్చేది అదే జబ్బున్న మేనమామ, లేదా వేరియంట్ ఉండి డెబ్భై ఐదేళ్లకూ గుండె నిక్షేపంగా ఉన్న పెదనాన్న. జబ్బు బిడ్డదై తల్లిదండ్రులకు లేకపోతే ఆ ఇద్దరికీ చేయించాలి. వాళ్లిద్దరిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా పుట్టిన మార్పయితే తూకం బాగా పెరుగుతుంది. ఎవరి రక్తం కావాలో రిపోర్టులో పేరు పెట్టి రాస్తే ఈ అనవసర పరీక్షలు సగం తగ్గుతాయి.

వీయూఎస్‌లు కుప్పలు తెప్పలుగా రావడంలో మా ల్యాబుల పాత్ర కూడా ఉంది. ఉత్తర అమెరికాలోని 19 ల్యాబులు 15 లక్షల పైచిలుకు పరీక్షలు కలిపి చూస్తే, ఎంపిక చేసిన కొన్ని జన్యువులనే చదివే ప్యానెల్ టెస్టుల్లో 32.6 శాతం తేలకుండా మిగిలాయి. అన్ని జన్యువుల్లో ప్రొటీన్ సూచనలుండే భాగాలను చదివే ఎక్సోమ్, మొత్తం చదివే జీనోమ్ టెస్టుల్లో 22.5 శాతమే. వినడానికి తలకిందులుగా ఉంది. ఎక్కువ జన్యువులు చదివిన చోట తక్కువ అనుమానాలా? కారణం ఉంది. ఎక్సోమ్‌లో రోగి లక్షణాలకు సరిపోయేవి ఏరి రాస్తారు, ప్యానెల్‌లో కనబడ్డవన్నీ రాస్తారు. పైగా "మాది 40 జన్యువుల ప్యానెల్, మాది 80" అనే పోటీలో జబ్బుతో సంబంధం సరిగా తేలని జన్యువులను కూడా లోపలికి లాగేశారు. అలాంటి జన్యువులో దొరికే ప్రతి మార్పూ పుట్టుకతోనే వీయూఎస్. అలాంటి జన్యువులన్నీ ప్యానెళ్ల నుంచి పీకేస్తే నేను చాలా సంతోషిస్తాను.

ఆరోగ్యంగా ఉండి ముందుజాగ్రత్తకు పరీక్ష చేయించుకునేవాళ్ల విషయంలో నా వాదన తిరగబడుతుంది. వాళ్లకు వీయూఎస్‌లు అసలు రాయకూడదు. పైన చెప్పిన 10 శాతం మొదటి అంచనా క్లినికల్ పరీక్షల అనుభవంలోంచి వచ్చింది. ఏ లక్షణమూ లేని మనిషికి ఆ మొదటి అంకెనే నమ్మలేం. దాని మీద కట్టిన 19, 67, 81 కూడా కూలిపోతాయి.

మిగిలింది తారీఖు సంగతి. తొమ్మిది ల్యాబులు 99 వేరియంట్లను వేర్వేరుగా తూచినప్పుడు మొదట 34 శాతమే ఒకే మెట్టు మీద నిలిచాయి, కూర్చుని మాట్లాడుకున్నాక అది 71 శాతానికి వచ్చిందని 2016లో రాశారు. మనుషులు మాట్లాడుకుంటేనే ఇంత మారితే, ఏళ్లు గడిస్తే ఎంత మారాలి? 14.5 లక్షల మంది క్యాన్సర్ జన్యు పరీక్షలను 2018లో తిరగేసి చూస్తే, వీయూఎస్‌లలో 7.7 శాతం ఏదో ఒక వైపు తేలాయి. తేలినవాటిలో 91.2 శాతం హాని లేని వైపు దిగాయి. 8.7 శాతం పైకి ఎక్కాయి. దిగిన సంగతి తెలియకపోతే ఒక మనిషి అనవసరంగా ఏళ్ల తరబడి భయపడతాడు. ఎక్కిన సంగతి తెలియకపోతే అసలుకే మోసం. చెప్పాల్సింది ఎవరు? ల్యాబు డాక్టర్ వైపు చూస్తుంది. డాక్టర్ ఊరు మారి ఉంటాడు. రోగికి ఈ ఆట నడుస్తోందనే తెలియదు.

పై ఎంవైహెచ్7 మనిషికి నేను రాయాలనుకునే పేరా ఇది: "వీయూఎస్, 5 పాయింట్లు, హాని అవకాశం సుమారు 81 శాతం. చికిత్సకు ఆధారంగా తీసుకోవద్దు. గుండె ఎకో రిపోర్టును బట్టే వైద్యం నడవాలి. ఆరోగ్యంగా ఉన్న బంధువులకు ఈ వేరియంట్ కోసం పరీక్ష వద్దు, ఎకో, ఈసీజీ చేయించండి. జబ్బున్న బంధువులు ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ల రక్తం పంపండి. ఇద్దరిలో దొరికినా వర్గం మారే అవకాశం ఉంది. రెండేళ్ల తర్వాత ఈ నంబరుకు ఫోన్ చేసి మళ్లీ చూడమని అడగండి."

ఇప్పటికైతే ఇలా రాసి ఇచ్చేవాళ్లు చాలా అరుదు. అడిగితే మాత్రం చాలా ల్యాబులు చెప్తాయి. మీ చేతిలో వీయూఎస్ రిపోర్టు ఉంటే డాక్టర్ చేతో, జెనెటిక్ కౌన్సెలర్ చేతో మూడు ప్రశ్నలు వేయించండి: దీనికి ఎన్ని పాయింట్లు ఉన్నాయి, ఏ ఆధారం తక్కువైంది, ఆఖరిసారి ఎప్పుడు చూశారు. మూడో ప్రశ్నకు జవాబు మూడేళ్ల కిందటి తారీఖు అయితే, మళ్లీ చూసిపెట్టమని అక్కడే అడగండి.